ఖల్హాత్‌లో నిలబడినవాళ్లు

ఖల్హాత్‌లో చూడ్డానికి ఏముందని మస్కట్‌లో తెలిసినవాళ్లంతా అడిగారు. వాళ్లన్నది నిజమే. సముద్రం ఒడ్డున రాళ్లు, గుమ్మటం కూలిపోయిన ఒక సమాధి, ఓ చిన్న జాలరిపల్లె, అంతే. అయినా 1990 డిసెంబరులో, నన్ను ఇండియా పంపించేసే ముందు ఆ ఒక్కటీ చూపించమని మావారిని అడిగాను.

ఆ రోజులు అలాంటివి. కువైట్ ఇరాక్ చేతిలో ఉంది. కొత్త సంవత్సరంలో యుద్ధం తప్పదని అందరూ అనుకుంటున్నారు. ఒమన్ అక్కడికి దూరమే. అయినా మస్కట్‌లో ఖురం దుకాణాల్లో పాలపొడి డబ్బాలు దొరకడం మానేశాయి. చాలా కంపెనీలవాళ్లు ఆడవాళ్లనీ పిల్లల్నీ ఇళ్లకి పంపేస్తున్నారు. మావారు అల్ ఖువైర్‌లో ఒక కట్టడాల కంపెనీలో అకౌంటెంటు. నేను స్కూల్లో చరిత్ర చెప్పేదాన్ని. మాది రామచంద్రపురం, మా ఒక్క అమ్మాయీ అక్కడే అమ్మమ్మ దగ్గర చదువుకుంటోంది. జనవరి మొదటివారానికి నా టికెట్టు కూడా వచ్చేసింది.

ఖల్హాతే ఎందుకంటే, నేనప్పుడు కాలేజీ పిల్లల కోసం తెలుగులో ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. ఐదువందల ఏళ్ల కిందట స్పెయిన్‌లో కస్టీల్ రాణి ఇసబెల్లా, అరగాన్ రాజు ఫెర్డినాండ్ పెళ్లి చేసుకుని రెండు రాజ్యాలనీ ఒక్కటి చేసిన కథ. వాళ్ల అల్లుడు పోర్చుగల్ రాజు. ఆ అల్లుడి ఓడలే ఈ తీరానికొచ్చి ఖురియాత్‌నీ మస్కట్‌నీ కాల్చాయి. మరుసటేడు ఖల్హాత్‌ని దోచాయి. అత్తగారు అప్పటికి పోయింది గానీ మామగారు ఇంకా సింహాసనం మీదే ఉన్నాడు. ఎక్కడో పుస్తకాల్లో చదువుకున్న వాళ్ల ఇంటి సంగతి నేను కాపురముంటున్న ఊరి దాకా వచ్చిందని తెలిశాక, చూడకుండా వెళ్లబుద్ధి కాలేదు.

మస్కట్ నుంచి

కంపెనీ జీపు, కంపెనీ డ్రైవరు. ఆయన పేరు ఖాజా. నలభై దాటినవాడు, హైదరాబాదు పాతబస్తీలో షా అలీ బండ ఆయన ఊరు. ఇంట్లో భార్య రబియా, ఇద్దరు ఆడపిల్లలు, తల్లి. పదేళ్ల పైనుంచి మావారి ఆఫీసులోనే డ్యూటీ.

ఆ నెలలో పాతబస్తీలో మత గొడవలు, కర్ఫ్యూ. ఖాజా భాయ్ వారం రోజులుగా ఇంటికి ఫోను చేస్తున్నాడు. వాళ్లింట్లో ఫోను లేదు. గల్లీ చివరి మందుల షాపుకి చేస్తే వాళ్లు పిలుచుకొస్తారు. ఆ షాపులో గంట మోగుతుందే తప్ప ఎవరూ ఎత్తడం లేదు. ఈ పరిస్థితిలో నువ్వు రావద్దు, ఇంకో డ్రైవర్ని తీసుకెళ్తామని మావారు చెప్పారు. రూమ్‌లో కూర్చుంటే పిచ్చెక్కుతది సార్, బండి నడుపుతుంటేనే నయం అన్నాడు.

బుధవారం పొద్దున్నే బయల్దేరాం. బిడ్‌బిడ్ దాటాక రోడ్డు కొండల మధ్యకి దూరుతుంది. మన కొండల్లా పచ్చగా ఉంటాయనుకోకండి. కాలి చల్లారిన పెనంలా నల్లగా, ఒక్క గడ్డిపోచ లేకుండా ఉంటాయి. గంటసేపు వాటినే చూస్తూ కూర్చుంటే మనసుకి ఏదోలా అవుతుంది. మావారు వెనకసీట్లో నిద్రపోయారు. ఖాజా భాయ్ రేడియోలో వార్తల కోసం మీట తిప్పుతూ, దొరక్క ఆపేసి, మీరు రాస్తున్న బుక్ దేని మీద మేడమ్ అని అడిగాడు.

ఇసబెల్లా పెళ్లి కథ చెప్పాను. కస్టీల్ రాజు ఆమెకి అన్న, వేరే తల్లి కొడుకు. ఆమెని తనకి నచ్చినచోట ఇద్దామనుకున్నాడు. పద్దెనిమిదేళ్ల పిల్ల ఒప్పుకోలేదు, అరగాన్ యువరాజుకి తనే కబురు పంపింది. సరిహద్దులో కాపలా ఉంది. అందుకని అతను వర్తకుల గుంపులో కంచరగాడిదలు తోలేవాడిలా వేషం వేసుకుని వచ్చాడు. దారిలో సత్రాల్లో గాడిదలకి మేత వేశాడు, తోటివాళ్లకి అన్నం వడ్డించాడు. చేరిన నాలుగైదు రోజులకి పెళ్లయింది.

రాజు డ్రైవర్ పని చేసిండన్నమాట అని ఖాజా భాయ్ నవ్వాడు. ఆ ప్రయాణం మొత్తంలో ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడొక్కసారే. ఆ తర్వాత ఇద్దరు గద్దెనెక్కితే మాట ఎవరిది నడిచిందని అడిగాడు. ఆ గొడవా వచ్చింది. భర్త ఊళ్లో లేనప్పుడు ఆమె పట్టాభిషేకం చేసుకుని, తన ముందు కత్తి పట్టించుకుని ఊరేగింది. అది విని అతను అలిగాడు, వెళ్లిపోతానన్నాడు. చివరికి పెద్దలు కూర్చుని తేల్చారు. ఉత్తర్వుల మీద అతని పేరు ముందు ఉంటుంది, ఆమె రాజ్యం గుర్తు ముందు ఉంటుంది. నాణెం మీద ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా ఉంటాయి.

మంచి ఫైసలా అన్నాడు ఖాజా భాయ్. నాకూ చిన్నప్పట్నుంచి ఆ రాణిలో నచ్చింది అదే.

ఇబ్రా

ఇబ్రాలో బుధవారం ఆడవాళ్ల సంత. అమ్మేదీ కొనేదీ ఆడవాళ్లే, మగవాళ్లు లోపలికి రాకూడదు. మావారూ ఖాజా భాయ్ బయట గోడ నీడలో ఆగిపోయారు. మా వైపు సంతల్లోనూ ఆడవాళ్లే కూరగాయలమ్ముతారు, కాని ఆశీలు వసూలు చేసేది మగాడు, సాయంత్రం డబ్బు అడిగేదీ మగాడే. ఇక్కడ ఒక ముసలామె చాపమీద కాళ్లు చాపుకుని, డబ్బు ఒళ్లో పోసుకుని, పక్కామెతో కబుర్లు చెబుతోంది. ముఖానికి ముక్కు మీదుగా నిలబడే గట్టి గుడ్డ తొడుగు, కళ్లు మాత్రమే కనపడుతున్నాయి. కాటుక, గోరింటాకు పొడి, సాంబ్రాణి అమ్ముతోంది. కాటుక డబ్బీ రెండువందల బైసాలంది, అంటే అక్కడి పైసలు. బేరమాడబోతే నా చెయ్యి పట్టుకుని ఎంతమంది పిల్లలని వేళ్లతో అడిగింది. ఒక్క వేలు చూపించాను. అయ్యో అన్నట్టు తల ఊపి, డబ్బీతోపాటు గుప్పెడు గోరింటాకు పొడి ఊరికే పొట్లం కట్టింది. ధర మాత్రం తగ్గించలేదు.

బయటికొచ్చేసరికి జీపు దగ్గర గొడవ. ఇంటినుంచి తెచ్చిన పులిహోర మావారు బానెట్ మీద పెట్టి నీళ్లకెళ్లారు, మేక ఒకటి ఎక్కి పొట్లంతో సహా తినేస్తోంది. మధ్యాహ్నం మలయాళీ హోటల్లో పరోటా, చేపల పులుసు తిన్నాం. హోటలతను కూడా యుద్ధం గురించే అడిగాడు. రేడియోలో ఏమన్నారు, ఎయిర్‌పోర్టు మూసేస్తారా అని. మాకేం తెలుసు.

సూర్

సూర్ చేరేసరికి సాయంకాలమైంది. తెల్లటి ఊరు, మధ్యలోకి చొచ్చుకొచ్చిన సముద్రం, ఒడ్డున పక్కటెముకలు బయటపడ్డ చెక్క ఓడలు. ఒకప్పుడు ఇక్కడి ఓడలు మంగళూరు, కాలికట్ దాకా వెళ్లేవట. ఇప్పుడు ఓడలు కట్టే చోట ముగ్గురు నలుగురు మలయాళీ వడ్రంగులు తప్ప ఎవరూ లేరు. టేకు కేరళ నుంచే వస్తుంది. వాళ్లు కడుతున్నదాన్ని చూపించి, ఈ ఓడ ఎవరి కోసం అని అడిగితే, మొదలుపెట్టించిన ముసలాయన పోయాడు, కొడుకులకి అక్కర్లేదు, అయినా జీతం ఇస్తున్నారు గనక చేస్తున్నాం అన్నారు.

మేం ఓడలు చూస్తుంటే ఖాజా భాయ్ టెలిఫోను ఆఫీసుకి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. మేం లాడ్జిలో దిగి, స్నానాలు చేసి, కింద హోటల్లో కూర్చున్నాక వచ్చాడు. మావారు కుర్చీలోంచి లేచిపోయి, లైన్ దొరికిందా అని అడిగారు.

"దొరికింది సార్. రబియా, పిల్లలు ఇంట్లనే ఉన్నరు. మంచిగున్నరు."

మాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మావారు పక్క దుకాణానికెళ్లి హల్వా తెచ్చారు. ఒమనీ హల్వా మన హల్వాలా ముక్కలుగా ఉండదు. నల్లగా, జిగురుగా, యాలకులూ గులాబీనీళ్ల వాసనతో గిన్నెలో పోసి ఇస్తారు, వేలితో తీసుకు తినాలి. శుభవార్త కదా, ముందు నువ్వు తిను అని మావారు గిన్నె ఆయన ముందుకు జరిపారు. ఖాజా భాయ్ కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. బాగుంది సార్ అన్నాడు. అలసిపోయాడని, తొందరగా పడుకోమని చెప్పాం.

ఖల్హాత్ దారి

ఖల్హాత్‌కి తారు రోడ్డు లేదు. కొండకీ సముద్రానికీ మధ్య గులకరాళ్ల బాట. సగం దారిలో టైరు పంచరైంది. మావారు జాకీ పట్టుకోబోతే ఖాజా భాయ్ పట్టుకోనివ్వలేదు. ఒక్కడే మోకాళ్లమీద కూర్చుని మార్చాడు. చెయ్యి కోసుకుని రక్తం వస్తుంటే ఆ మట్టి చేత్తోనే తుడిచేసుకున్నాడు. మళ్లీ బయల్దేరాక నిన్న ఆపిన దగ్గర్నుంచి కథ చెప్పమన్నాడు.

నిన్నటిది పెళ్లి కథ, ఇవాళ్టిది చావుల కథ. ఒక్కగానొక్క కొడుకు పెళ్లయిన కొద్ది నెలలకే పోయాడు. పెద్దకూతురు పురిట్లో పోయింది. ఆ పసివాడికి రెండు రాజ్యాలతోపాటు పోర్చుగల్ కూడా దక్కాల్సింది, రెండేళ్లు నిండకుండా పోయాడు. రెండో కూతురికి మతి చలించిందన్నారు, తల్లి పోయాక తండ్రే ఆమెని కోటలో పెట్టి తాళం వేయించాడు. రాజ్యాల కోసం పిల్లలందర్నీ తలోదేశం ఇచ్చారు. చివరి ఏళ్లలో ఇసబెల్లా నల్లబట్టలు తప్ప కట్టలేదంటారు.

"ఆ రాణికి అమ్మ ఉండెనా మేడమ్?"

ఉంది అన్నాను. ఆమెకీ మతి స్థిమితం లేదు, చిన్న ఊళ్లో కోటలో ఉండేది. రాణి వీలున్నప్పుడల్లా వెళ్లి తన చేతులతో సేవ చేసేదట. తల్లి పోయినప్పుడు పక్కన ఉందా లేదా అన్నది నేను చదివినవాటిలో దొరకలేదు.

ఖాజా భాయ్ రాళ్లు తప్పించుకుంటూ నడిపాడు. వెనకనుంచి మావారు, పొద్దున్నే ఇవేం కబుర్లు అన్నారు.

ఖల్హాత్

సమాధి దూరంనుంచే కనపడింది. వాలులో ఒంటరిగా, నాలుగు గోడలు, పైన గుమ్మటం లేని ఆకాశం. చుట్టూ నేలంతా పెంకులు, సముద్రపు రాళ్లు. ఇక్కడ గొప్ప రేవు ఉండేది, గుర్రాలు ఇక్కణ్ణుంచే మన దేశానికి ఓడలెక్కేవి. బీబీ మరియమ్ అనే ఆమె, భర్త పోయాక ఈ ఊరిని ఏలిందట. ఈ సమాధి ఆమె భర్త కోసం కట్టించిందని కొందరు, భర్తే ఆమె కోసం కట్టించాడని కొందరు. అడుగుదామంటే ఆ పాత ఊరే లేదు.

గోడ నీడలో కూర్చుని గ్రనడా సంగతి చెప్పాను. మావారూ అప్పుడు విన్నారు. స్పెయిన్‌లో ముస్లింల చివరి నగరం గ్రనడా. పదేళ్లు యుద్ధం చేసి భార్యాభర్తలిద్దరూ దాన్ని లొంగదీశారు. లొంగేటప్పుడు కాగితం రాసుకున్నారు. మీ మసీదులు మీవే, మీ ఇళ్లు మీవే, మీ మతం జోలికి ఎవరూ రారు అని ఇద్దరూ సంతకాలు పెట్టారు. నగరం చేతికొచ్చిన మూడునెలలకే అదే కోటలోంచి ఇంకో ఉత్తర్వు వచ్చింది. యూదులు మతమైనా మార్చుకోవాలి, దేశమైనా వదలాలి. గడువు నాలుగు నెలలు. ఇల్లిచ్చి గాడిదను పుచ్చుకున్నవాళ్లున్నారు.

"ఎక్కడికి పోయిండ్రు?" అన్నాడు ఖాజా భాయ్.

"ఓడ ఎటుపోతే అటు."

కాసేపు పెంకులు ఏరుతూ కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"గ్రనడా వాళ్లకిచ్చిన మాట మీద నిలబడ్డదా ఆ రాణి?"

"లేదు ఖాజా భాయ్. ఎనిమిదేళ్లు కూడా నిలవలేదు. వాళ్లనీ మతం మారమన్నారు, లేదా పొమ్మన్నారు."

ఆయన తలాడించాడు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. భార్యాభర్తలిద్దరూ చనిపోయాక గ్రనడాలోనే పక్కపక్కన పడుకుని ఉన్నారు.

అంతలో పల్లెనుంచి ఒక ముసలాయన కర్ర ఊపుతూ వచ్చాడు. పేరు సాలిమ్. కుర్రతనంలో ఓడల్లో బొంబాయి, కాలికట్ తిరిగినవాడు, హిందీ మాట్లాడతాడు. ఎండలో కూర్చుంటారేం, ఇంటికి రండి అన్నాడు. వద్దంటే వినలేదు. వాళ్లింటి ముందు ఖర్జూరం మట్టల పందిరి కింద చాప వేసి, ఖర్జూరాలు, యాలకులు వేసిన నల్లకాఫీ పెట్టాడు. పక్కనే నలుగురైదుగురు వలలు బాగుచేసుకుంటున్నారు. చిన్న గిన్నె ఖాళీ అయితే మళ్లీ పోస్తూనే ఉంటారు, చాలనుకుంటే గిన్నె ఊపి ఇవ్వాలి. నాకది తెలియక ఐదారుసార్లు తాగాను.

ఒమన్‌లో ఒక మర్యాద ఉంది. కాఫీ అయ్యాక ఇంటాయన అతిథులను ఏం వార్తలని అడుగుతాడు. అతిథి ఏ వార్తలూ లేవు, అంతా క్షేమమే అంటాడు. నిజంగా ఏదన్నా ఉన్నా ముందు అలాగే అనాలి. మనవాళ్లు బాగున్నారా అంటే బాగున్నాం అన్నట్టే. సాలిమ్ మావారిని అడిగాడు, మావారు క్షేమమే అన్నారు. తర్వాత ఖాజా భాయ్‌ని అడిగాడు.

ఖాజా భాయ్ గిన్నె చాప మీద పెట్టి, హిందీలో, మామూలు గొంతుతో, "మా అమ్మ చనిపోయింది" అన్నాడు.

సాలిమ్ మొదట అర్థం కానట్టు చూశాడు. మాకూ అలాగే ఉంది. అప్పుడు కొంచెం కొంచెంగా చెప్పాడు. నిన్న మందుల షాపు ఫోనులో దొరికింది బావమరిది. అమ్మకి ఆయాసం, చాలా ఏళ్లుగా ఉన్నదే. కర్ఫ్యూలో ఒక రోజు ఎక్కువైంది. ఆస్పత్రికి తీసుకెళ్లడానికి బండి లేదు, బయటికెళ్లనిచ్చేవాళ్లు లేరు. తెల్లవారేసరికి పోయింది. అయిదు రోజులైందట. రబియా, పిల్లలు నిజంగానే బాగున్నారు.

మావారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, నిన్నే ఎందుకు చెప్పలేదయ్యా అన్నారు.

"మేడమ్ పోయేలోపల చూడాలన్నరు కదా సార్. నేను చెప్పి ఉంటే మీరు వాపసు తిప్పుతుండె. తిప్పి ఏం జేద్దురు."

నాకు నిన్నటి హల్వా గుర్తొచ్చింది.

సాలిమ్ లేచి వలల దగ్గరివాళ్లని పిలిచాడు. దూరంలో పోయినవాళ్ల కోసం కూడా మేం నమాజు చేస్తాం, రా అన్నాడు. మా దాంట్లో శరీరం ముందు లేకుండా చెయ్యరు అన్నాడు ఖాజా భాయ్. ఆ ముసలాయన వాదించలేదు. మేం నిలబడతాం, నీ ఇష్టముంటే నువ్వూ నిలబడు అని, వెళ్లి సముద్రం వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ఆయన వెనక జాలరులు వరుస కట్టారు. ఒకతని చేతికి ఇంకా వల దారం చుట్టుకునే ఉంది. ఖాజా భాయ్ కొంచెంసేపు చూసి, చెప్పులు విడిచి వాళ్ల మధ్యకి వెళ్లాడు. మావారు కూడా బూట్లు విప్పి, వరుసకి నాలుగడుగుల వెనక, ఏం చెయ్యాలో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను పందిరి కిందే నిలబడ్డాను. ఆ నమాజులో వంగడం, నేలకి నుదురు తాకించడం ఉండవు. ఊరికే నిలబడటమే. ఆయన ఏడ్వడం మాకు కనపడలేదు. భుజాలు మాత్రం కనపడ్డాయి.

తిరుగుదారి

మావారు బండి తను నడుపుతానన్నారు. ఖాజా భాయ్ తాళాలివ్వలేదు. మేమూ బలవంతపెట్టలేదు. ఖురియాత్ మీదుగా తీరం వెంబడి వెళ్లాలనుకున్నది మానుకుని వచ్చిన దారినే తిరిగొచ్చాం. నల్లకొండలు మళ్లీ వచ్చాయి.

మస్కట్‌లో మావారు ఖాజా భాయ్‌కి సెలవు అడగడానికి మేనేజరు దగ్గరికి వెళ్లారు. డ్రైవర్ల పాస్‌పోర్టులు ఆఫీసు బీరువాలో ఉంటాయి. యుద్ధం రాబోతుంటే ఒక్క డ్రైవర్ని కూడా వదలలేను, పోయినామె ఎలాగూ పోయింది అన్నాడు మేనేజరు. మావారు రెండోసారీ వెళ్లారు, జవాబు మారలేదు. ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చుని, నేను ఇంకా గట్టిగా అడగాల్సిందేమో అన్నారు. గట్టిగా అడిగితే మావారి ఉద్యోగానికే ముప్పని ఇద్దరికీ తెలుసు.

నేను బయల్దేరే రోజు ఎయిర్‌పోర్టుకి ఖాజా భాయే దింపాడు. వాళ్లింట్లో ఇవ్వమని ఖర్జూరాల డబ్బా, పిల్లలకి రెండు గుడ్డముక్కలు ఇచ్చాడు. ఏం చెప్పమంటావని అడిగితే, మంచిగున్న అని చెప్పండి అన్నాడు.

షా అలీ బండ

బొంబాయి మీదుగా హైదరాబాదులో దిగి, రామచంద్రపురం వెళ్లకుండా ముందు అక్కడికే వెళ్లాను. అప్పటికి కర్ఫ్యూ లేదు. గల్లీ చివర మందుల షాపు తెరిచే ఉంది, వాళ్లే ఇల్లు చూపించారు.

రబియా నాకంటే చాలా చిన్నది. తలమీద కొంగు సర్దుకుని, పరదా పక్కన కూర్చుంది. ఆడపిల్లలిద్దరూ లోపలి గదిలోంచి తొంగిచూశారు. ఆమెకి తెలుగు సరిగా రాదు, నాకు ఉర్దూ సరిగా రాదు. అయినా మాట్లాడుకున్నాం. ఫోనులో బావమరిదితో ఖాజా భాయ్ సరే, సరే అని తప్ప ఏమీ అనలేదట. పరదేశంలో ఉండి ఉండి రాయైపోయాడని ఆడబిడ్డలంటున్నారట. ఆమె ఆ మాట నావైపు చూడకుండా చెప్పింది.

నేను ఖల్హాత్ సంగతి చెప్పాను. బండి వెనక్కి తిప్పనివ్వకుండా నడిపిన సంగతి, ముసలాయన కాఫీ, సముద్రం ఒడ్డున నమాజు. రబియా మధ్యలో ఆపింది.

"ఎంతమంది నిలబడ్డారు?"

నేను వరుస గుర్తు చేసుకుని లెక్కపెట్టాను. సాలిమ్, జాలరులు, ఖాజా భాయ్. మావారిని కూడా కలిపి చెప్పాను.

"ఎనిమిది మంది."

పోలీసులు ఇక్కడ నలుగురికే కర్ఫ్యూ పాస్ ఇచ్చారని చెప్పింది. ఆ నలుగురే మోశారు, ఆ నలుగురే నమాజు చేశారు, ఆ నలుగురే మట్టి వేశారు. వీధిలో ఒక్క తలుపు తెరుచుకోలేదు. నలభై ఏళ్లు ఆ వీధిలో బతికింది మా అత్త అంది.

అని, లోపలి గదివైపు తిరిగి పిల్లలిద్దర్నీ పేరుపెట్టి పిలిచింది. వాళ్లు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"మీ దాదీ కోసం అక్కడ ఎనిమిదిమంది నిలబడ్డారట" అని చెప్పింది వాళ్లకి.